వెదురు ఫ్లై రాడ్లు, వాటిని చేసే పనివాళ్ళు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో చేపల వేట అంటే హార్బర్‌లో మరబోట్లు, భీమిలి వైపు వలలు, బండల మీద కూర్చుని వేసే గాలాలు. ఫ్లై రాడ్, అంటే నకిలీ పురుగును ఎరగా విసిరి చేపలు పట్టే కర్ర, ఇక్కడ కొత్త సరుకు, అందులోనూ వెదురుది చూసినవాళ్ళు తక్కువ. కానీ దాన్ని తయారుచేయడానికి కావలసిన పనులేవీ ఈ ఊరికి కొత్త కాదు: వెదురు చీల్చడం, చిత్రిక పట్టడం, లేత్ మీద లోహం తిప్పడం, లక్కపూతతో కొయ్య తిప్పడం. ఈ పనులన్నీ ఒక్క మనిషి చేతిలోకి వస్తే ఆయన రాడ్ మేకర్ అవుతాడు. కొనాలనుకునేవాళ్ళకు ఇక్కడ కొంత సమాచారం ఉంది, చేయాలనుకునేవాళ్ళకు ఎక్కువ ఉంది.

ఇది మన వెదురు గాలం కర్రేనా?

కాదు. గాలం కర్ర ఒక బొంగు. కొస సన్నగా ఉన్నది చూసి నరికి దారం కడతాం. ఫ్లై రాడ్ కోసం బొంగును నిలువునా బద్దలుగా చీలుస్తారు. ఒక్కో బద్దను మూడు పక్కలూ సమానంగా ఉండే త్రికోణపు కోతకు తెస్తారు. తర్వాత అలాంటి ఆరు బద్దలను మొనలు లోపలికి, వెదురు పైపెంకు బయటికి వచ్చేలా కలిపి అతికిస్తారు. అడ్డంగా కోసి చూస్తే ఆరు పలకల కడ్డీ కనిపిస్తుంది. నాలుగు, అయిదు బద్దలతో చేసేవాళ్ళూ ఉన్నారు గానీ ఎక్కువమంది చేసేది ఆరు బద్దలదే.

ఇంత కష్టం ఎందుకంటే, ఫ్లై అనేది కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన నకిలీ పురుగు. దానికి బరువే ఉండదు. అందువల్ల ఇక్కడ విసిరేది ఎరను కాదు, లైనును. లైన్లకు బరువును బట్టి నంబర్లు ఉంటాయి, రాడ్‌ను కూడా అది విసిరే లైను నంబరుతోనే పిలుస్తారు. 5వ నంబరు లైనులో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ 9 గ్రాములు గాలిలో వెనక్కి, ముందుకి సాగేటప్పుడు కర్ర కొస నుంచి పిడి దాకా ఒక క్రమంలో వంగి, మళ్ళీ లేవాలి. ఆ క్రమం మామూలు బొంగులో దొరకదు, చేసుకోవాల్సిందే.

ఈ పని ఎవరు మొదలుపెట్టారు?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్ పట్టణంలో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్ 1840లలో చీల్చిన వెదురుతో రాడ్లు చేశాడు. ఆయన వయొలిన్లు కూడా చేసేవాడు. లోహం, కొయ్య రెండూ తెలిసిన చేతిలో ఈ పని పుట్టడం ఆశ్చర్యమేమీ కాదు. 1870లలో మెయిన్ రాష్ట్రపు హైరమ్ లెనార్డ్ బద్దలు కోసే యంత్రం పెట్టి ఆరు బద్దల రాడ్‌ను వ్యాపారంగా నిలబెట్టాడు. ఆ యంత్రాన్ని తాళం వేసిన గదిలో ఉంచేవాడని చెబుతారు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రెడ్ థామస్, యూస్టిస్ ఎడ్వర్డ్స్, ఎడ్వర్డ్ పేన్ తర్వాత సొంత పనిశాలలు పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆల్న్‌విక్ పట్టణపు హార్డీ కంపెనీ ఈ రాడ్లకు పేరు తెచ్చుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ రాడ్లు వచ్చాయి. 1950లో అమెరికా చైనా సరుకు మీద నిషేధం పెట్టడంతో వెదురు రావడం ఆగింది. 1970ల మొదట్లో నిషేధం ఎత్తేసేసరికి పెద్ద కంపెనీల్లో చాలావరకు ఈ పని వదిలేశాయి. ఈ పని బతికి ఉందంటే ఒంటరిగా చేసుకునే పనివాళ్ళ వల్లే. న్యూయార్క్ ఇంజినీరు ఎవరెట్ గారిసన్ తన పద్ధతి మొత్తాన్ని లెక్కలతో సహా రాసి పెట్టాడు. ఆ పుస్తకం 1977లో వెలువడింది, ఇప్పటి పనివాళ్ళలో చాలామంది దాన్ని చూసే నేర్చుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఈ రాడ్లు చేసేవాళ్ళలో ఎక్కువమందిది ఇంటి వెనక షెడ్డు, ఒక బల్ల, ఒకే మనిషి.

ఏ వెదురు వాడతారు?

టోంకిన్ వెదురు. చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌షీ ప్రాంతాల్లో పెరుగుతుంది. లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ 1931లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించి అరుండినారియా అమాబిలిస్ అని పేరు పెట్టాడు. బొంగు 12 అడుగుల పొడవున, సుమారు రెండు అంగుళాల లావున వస్తుంది. తిన్నగా ఉంటుంది, కణుపులు పెద్దగా ఉబ్బవు. అన్నిటికన్నా ముఖ్యంగా పైపెంకు కింద గట్టి పీచు దట్టంగా ఉంటుంది.

మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. టోంకిన్ రాకముందు, 19వ శతాబ్దంలో అమెరికా, ఇంగ్లండ్ పనివాళ్ళు వాడింది మన దేశపు వెదురే. కలకత్తా రేవు నుంచి వెళ్ళేది కాబట్టి దాన్ని కలకత్తా కేన్ అనేవారు. బొంగుల మీద కాల్చిన మచ్చలు ఉండేవి, పాత రాడ్లలో ఆ మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. టోంకిన్ పీచు ఇంకా దట్టంగా, సమంగా ఉండటంతో 20వ శతాబ్దం మొదట్లో మన వెదురు పక్కకు తప్పుకుంది.

అయితే మన్యం వెదురు పనికొస్తుందా?

నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. అమ్మే రాడ్‌కు మాత్రం తొందరపడవద్దు.

మన అడవుల్లో ఎక్కువగా దొరికేవి రెండు: ముళ్ళ వెదురు, సాధనపు వెదురు. ముళ్ళ వెదురు గోడ మందంగా ఉన్నా పీచు పలచన, ఈ పనికి వద్దు. సాధనపు వెదురు లాఠీలకు వాడేది. మొదలు దగ్గర దాదాపు గట్టిగా నిండి ఉంటుంది కాబట్టి చాలామంది దీనికి ఆశపడతారు. నిండుగా ఉండటం వేరు, పైపొరలో పీచు దట్టంగా ఉండటం వేరు. రాడ్‌కు కావలసింది రెండోది. బద్ద మొన లోపలికి పోతుంది, అక్కడ మెత్తటి భాగం ఉన్నా ఫరవాలేదు. వంపు బరువంతా మోసేది బయటి మూడు, నాలుగు మిల్లీమీటర్లే. పైగా సాధనపు వెదురు కణుపులు ఉబ్బుగా ఉంటాయి, బొంగు వంకర పోతుంది. ఒక్కో కణుపు తిన్నగా చేయడానికి టోంకిన్ కన్నా బాగా ఎక్కువ సమయం పడుతుంది.

ప్రయత్నించేవాళ్ళు మూడేళ్ళు దాటిన బొంగు ఎంచుకోండి. లేత బొంగు ఎండాక ముడుచుకుపోతుంది. వానలు పోయాక చలికాలంలో నరికినది మేలు, అప్పుడు పిండిపదార్థం తక్కువగా ఉండి పుచ్చు త్వరగా పట్టదు. నిలవ చేయాలంటే 100 లీటర్ల నీళ్ళలో 2 కిలోల బోరిక్ యాసిడ్, 3 కిలోల బోరాక్స్ కలిపి నానబెట్టి, నీడన నిలబెట్టి ఆరబెట్టాలి. 2017లో అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురు ‘చెట్టు’ నిర్వచనంలోంచి తప్పింది కాబట్టి పొలం గట్టున పెంచినది కొనడం తేలిక. అడవిలోది అనుమతి లేకుండా నరకడం నేరమే.

టోంకిన్ తెప్పించుకోవాలంటే అది మొక్కల సరుకు కిందికి వస్తుంది. దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ముందే చూసుకోకపోతే బొంగులు రేవులోనే ఆగిపోతాయి.

బొంగు మంచిదో కాదో చూడగానే ఎలా తెలుస్తుంది?

కోసిన కొసను గరుకు కాగితంతో నునుపు చేసి కొంచెం తడి చేయండి. పీచు నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. పైపెంకు దగ్గర చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని, లోపలికి వచ్చేకొద్దీ విడివిడిగా ఉంటాయి. ఆ దట్టమైన పట్టీ కనీసం 3 మి.మీ. ఉంటే పిడి వైపు ముక్కకు తీసుకోవచ్చు. అంతకన్నా తక్కువైతే కొస ముక్కలకే. తర్వాత పురుగు రంధ్రాలు, లోతైన గీతలు, నీటి మరకలు చూడాలి. మరక పైపెంకులోనే ఉంటే గీకితే పోతుంది, పీచులోకి దిగితే ఆ బద్ద పక్కన పెట్టాలి. బొంగు ఒక పక్క నిలువునా చీలి ఉంటే కంగారు వద్దు. ఎండేటప్పుడు ఎక్కడపడితే అక్కడ పగలకుండా కావాలనే ఒక చీలిక పెడతారు.

చీల్చడం మేదర పనివాళ్ళకు వచ్చిన పనే కదా?

అవును, ఈ దశలో వాళ్ళకు నేర్పాల్సింది ఏమీ లేదు. రంపంతో కోస్తే పీచు మధ్యలో తెగుతుంది. కత్తితో చీలిస్తే చీలిక పీచు వెంటే పోతుంది. బొంగును ఎప్పుడూ సగానికి సగం చీల్చాలి, ఒక పక్క నుంచి సన్న బద్ద లాగకూడదు. చీలిక ఒక వైపుకు జారి ఒక బద్ద లావు, ఒకటి సన్నం అవుతుంటే, లావు ఉన్న వైపును ఎక్కువ వంచుతూ లాగితే చీలిక మళ్ళీ మధ్యకు వస్తుంది. బుట్ట అల్లేవాళ్ళ చేతికి ఇది చెప్పకుండానే తెలుసు.

తేడా ఒక్కచోట. బుట్టకు బద్దను పొరలు పొరలుగా పలచగా లాగుతారు, లోపలి పొర కూడా వాడతారు. రాడ్‌కు లోపలి మెత్తటి భాగం తీసేసి పైభాగమే ఉంచుతారు. 12 అడుగుల బొంగును మధ్యకు కోసి, మొదలు సగం పిడి ముక్కకు, పై సగం కొస ముక్కలకు పెడతారు. రెండు ముక్కల రాడ్‌కు సాధారణంగా ఒక పిడి ముక్క, రెండు కొస ముక్కలు ఇస్తారు. ఒక కొస విరిగితే మరొకటి ఉంటుంది. అంటే 18 బద్దలు కావాలి. ఆరు అదనంగా తీసి పెట్టుకోండి, అవి తప్పకుండా అక్కరకొస్తాయి.

కణుపులను ఏం చేస్తారు?

అసలు పని ఇక్కడే మొదలవుతుంది, కొనేవాళ్ళ కంటికి మాత్రం ఇది కనబడదు. కణుపు దగ్గర పీచు అలలా వంకర తిరుగుతుంది. అలాగే వదిలేస్తే చిత్రిక అక్కడ పీచును లేపేస్తుంది.

ముందు లోపలి అడ్డుగోడ తీసేయాలి. బయటి ఉబ్బును ఆకురాయితో పైపెంకు మట్టానికి కొంచెం ఎత్తుగా ఉండేలా రాయాలి. తర్వాత హీట్ గన్ ముందు కణుపును తిప్పుతూ వేడి చేయాలి. వెదురులో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది, బద్ద చేతిలో లొంగుతున్నట్టు తెలుస్తుంది. వెంటనే బెంచి వైస్‌లో పైపెంకు వైపు నుంచి నొక్కి, చల్లారే దాకా కదపకూడదు. మళ్ళీ వేడి చేసి పక్క వంకర సరిచేయాలి. చాలని వేడిలో నొక్కితే కణుపు పగులుతుంది, ఎక్కువైతే మాడి పెళుసవుతుంది. గోధుమ రంగు తిరగడం మొదలైందంటే ఆపేయాలి.

ఆరు బద్దలనూ కలిపేటప్పుడు కణుపులు ఒకేచోట పడకూడదు. మూడు బద్దల కణుపులు ఒక మట్టంలో, మిగతా మూడింటివి వాటి మధ్యలో వచ్చేలా ఒకటి విడిచి ఒకటి పేర్చడం ఒక పద్ధతి. రెండేసి చొప్పున ఎదురెదురుగా మూడు మట్టాల్లో పేర్చడం మరొకటి. ఏ రెండు కణుపులూ పక్కపక్కన రాకుండా మెట్లలా తిప్పేవాళ్ళూ ఉన్నారు. పక్కపక్క బద్దల కణుపులు కలిస్తే రాడ్ విరిగేది అక్కడే.

వేడి పెట్టడం ఎందుకు? ఎంత?

ముందు బద్దలను కొయ్య అచ్చులో 60 డిగ్రీల కోణానికి దగ్గరగా ముతకగా చిత్రిక పడతారు. తర్వాత ఆరింటినీ దారంతో కట్టి, పొడవాటి ఓవెన్‌లో 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. పిడి బద్దలకు సుమారు 12 నుంచి 15 నిమిషాలు, కొస బద్దలకు అంతకన్నా తక్కువ. తేమ పోయి, వెదురు బిగుసుకుని, వంచితే తిరిగి లేచే గుణం పెరుగుతుంది. ఓవెన్ ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉంటే మధ్యలో ఒకసారి తిప్పి పెట్టాలి. లేదంటే ఒకే రాడ్‌లో సగం మెత్తన, సగం పెళుసు.

విశాఖలో ఇబ్బంది దీని తర్వాత వస్తుంది. సముద్రం పక్క తేమలో ఎండిన బద్ద బయట ఉంచితే మళ్ళీ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన బద్దకు సరిగ్గా కొలత తీసినా, ఎండాక కొలత మారుతుంది. అందుకని ఓవెన్ నుంచి తీసిన బద్దలను రెండు వైపులా మూత ఉన్న పీవీసీ గొట్టంలో సిలికా జెల్‌తో పెట్టి, చిత్రిక పట్టేవి మాత్రమే బయటికి తీయాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ జాగ్రత్త లేకుండా పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

చిత్రిక పనిలో అంత కష్టం ఏముంది? వడ్రంగులు రోజూ చేసేదే కదా?

చిత్రిక అదే, కొలత వేరు. చక్కటి ఉదాహరణ: 7½ అడుగుల, 5వ నంబరు రాడ్ కొస దగ్గర మందం సుమారు 0.070 అంగుళం, పిడి దగ్గర 0.330 అంగుళం. ఒక్కో బద్ద ఎత్తు అందులో సగం. అంటే కొస బద్ద ఎత్తు 0.9 మి.మీ. మాత్రమే. ఒక్కో బద్ద 0.002 అంగుళం ఎక్కువ ఉండిపోతే, అతికించాక మందం 0.004 పెరుగుతుంది. కడ్డీ బిగువు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి కొస దగ్గర ఆ తప్పు బిగువును దాదాపు 25 శాతం పెంచుతుంది. పిడి దగ్గర అదే తప్పు 5 శాతమే. అందుకే మంచి పనివాడు కొస చివరి పది అంగుళాల మీద పెట్టే సమయం మొత్తం పిడి ముక్క మీద పెట్టే సమయానికి సమానం.

దీనికి వాడే అచ్చును ప్లేనింగ్ ఫారం అంటారు. రెండు ఉక్కు పట్టీలు, ఒక్కోటి సుమారు 19 మి.మీ. చదరం, 5 నుంచి 6 అడుగుల పొడవు. రెండింటి మధ్య అంచున V ఆకారపు గాడి. ప్రతి 5 అంగుళాలకు ఒక నెట్టే బోల్టు, ఒక లాగే బోల్టు. వాటిని తిప్పితే పట్టీలు దగ్గరవుతాయి, దూరమవుతాయి, గాడి లోతు మారుతుంది. 60 డిగ్రీల మొన పెట్టిన డయల్ గేజితో ప్రతి బోల్టు దగ్గరా లోతు చూసుకుంటారు. ఒక బోల్టు తిప్పితే పక్క బోల్టుల దగ్గర కూడా లోతు కదులుతుంది, అందుకని చివరి నుంచి చివరికి కనీసం రెండుసార్లు సరిచూడాలి.

బద్దను గాడిలో పెట్టి లోపలి రెండు ముఖాలనే చిత్రిక పడతారు. పైపెంకు ముఖం మీద చిత్రిక తగలకూడదు. అక్కడి పీచే రాడ్ బలం. అక్కడ చేయగలిగింది పలచటి మెరుపు పొరను చివర్లో స్క్రేపర్‌తో గీకడం ఒక్కటే. కొన్ని పోట్లకు ఒకసారి బద్దను తిప్పి రెండో ముఖం పట్టాలి. ఒక్క ముఖమే పడుతూ పోతే కోణం పక్కకు ఒరుగుతుంది. 60 డిగ్రీలు సరిగా వచ్చిందో లేదో చూడటానికి లేత్ షాపుల్లో మరలు కోసేటప్పుడు వాడే సెంటర్ గేజి చక్కగా సరిపోతుంది, దాని గాడి కోణం 60 డిగ్రీలే. కోణం తప్పితే అతుకు దగ్గర బయటో లోపలో సందు మిగులుతుంది. ఆ సందును జిగురుతో నింపి దాచేవాళ్ళు ఉన్నారు, అది పని కాదు.

చిత్రిక ఇనుప పాళీ 30 నుంచి 35 డిగ్రీల కోణానికి సానబట్టాలి. వెదురులో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు కొయ్య కన్నా త్వరగా మొండిదవుతుంది. పీచు లేచిపోతోందంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం మొండి పాళీ. సానబట్టి, పోటు పలచన చేసి, కణుపు దగ్గర చిత్రికను కొంచెం ఏటవాలుగా నడపండి. చివరి పోట్లు 0.001 నుంచి 0.002 అంగుళం మించకూడదు, ఆ తరుగు అవతలి వెలుతురు కనబడేంత పలచగా రావాలి.

ఈ కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

కొస నుంచి ప్రతి 5 అంగుళాలకు మందం రాసిన పట్టికను టేపర్ అంటారు. పాత మేకర్ల రాడ్లను కొలిచి పనివాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకున్న పట్టికలు బోలెడు ఉన్నాయి. మొదటి రాడ్‌కు సొంత టేపర్ వేయవద్దు. పాత రాడ్ కొలతల్లో వార్నీషు మందం కలిసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి, పైన 0.003 దాకా తీసేయాల్సి రావచ్చు.

ఏ జిగురు వాడాలి?

గట్టిపడ్డాక వేడికి, తేమకు మెత్తబడనిది. ఇక్కడ సులువుగా దొరికేవాటిలో నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ నమ్మదగ్గది. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జోలికి పోవద్దు, ఆరు బద్దలకు రాసి కట్టేలోగానే అది బిగుసుకుంటుంది. మే నెలలో నెమ్మది రకం కూడా డబ్బా మీద రాసిన సమయం ఇవ్వదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. తెల్లవారుజామున అతికించండి. జిగురును గిన్నెలో ముద్దగా ఉంచకుండా పళ్ళెంలో పలచగా పరిస్తే వేడెక్కడం తగ్గుతుంది. వడ్రంగం పనికి వాడే తెల్ల జిగుర్లు వేడికి, నిలకడ బరువుకు జారతాయి. ఎండలో ఆపిన కారులో రాడ్ మరిచిపోయారంటే వంకర తిరుగుతుంది.

జిగురు రాశాక దారంతో గట్టిగా చుట్టాలి. ఒక దిశలో చుట్టినదాని మీద ఎదురు దిశలో మరొకసారి. ఒకవైపే చుడితే కడ్డీ మెలి తిరుగుతుంది. చుట్టాక జిగురు తడిగా ఉండగానే చదునైన బల్ల మీద దొర్లించి, ఒక కన్ను మూసి చూస్తూ వంకర సరిచేయాలి. మెలి ఉంటే అప్పుడే విప్పాలి. వంకరను తర్వాత కూడా వేడితో కొంత దిద్దవచ్చు, గట్టిపడిన మెలిని దిద్దడం దాదాపు కాని పని.

ఫెర్రూల్ ఇక్కడ చేయించుకోవచ్చా?

రెండు ముక్కలనూ కలిపే లోహపు జాయింటును ఫెర్రూల్ అంటారు. దీనికి వాడేది 18 శాతం నికెల్ ఉన్న నికెల్ సిల్వర్, మన బజారులో జర్మన్ సిల్వర్ అనేది. పేరుకే సిల్వర్, ఉండేది రాగి, నికెల్, జింకు. ఆటోనగర్ లేత్ పనివాళ్ళకు తిప్పడం కష్టమేమీ కాదు. ఖరారు చేయాల్సింది బిగువు. లోపలికి దూరే మేల్ ముక్కకూ, దాన్ని పట్టే ఫిమేల్ ముక్కకూ మధ్య తేడా 0.001 అంగుళం లోపే ఉండాలి. లేత్ మీద కొంచెం బిగువుగా వదిలేయమని చెప్పి, మిగతాది చేత్తో సన్న కాగితంతో రుద్దుకోండి. లాగినప్పుడు చిన్న ‘టప్’ శబ్దంతో ఊడితే సరిపోయినట్టు. సైజు అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు: 13 అంటే 13/64.

కడ్డీ మీద ఫెర్రూల్ కూర్చునేచోట ఆరు మూలలను మాత్రమే గుండ్రంగా తీయాలి. పలకల మధ్య భాగం కోస్తే అక్కడి పీచు పోతుంది. ఫెర్రూల్ పక్కనే విరిగిన రాడ్లలో చాలావాటికి కారణం అదే. కడ్డీని ఆనే అంచును పలచటి రేకులుగా చీల్చి, వంచి, పైన పట్టుదారం చుడతారు, వంపు గట్టి లోహం దగ్గర ఒక్కసారిగా ఆగకుండా.

పిడి, రీల్ సీటు?

పిడికి అర అంగుళం కార్క్ రింగులు 12 లేక 13 వరుసగా అతికించి, లేత్ మీద తిప్పి ఆకారం తీస్తారు. రీల్ సీటు అంటే లైను చుట్టే రీల్‌ను బిగించే భాగం. దాని కొయ్య గొట్టానికి ఏటికొప్పాక పనివాళ్ళను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. వాళ్ళు వాడే అంకుడు కర్ర మెత్తన, బొమ్మలకు సరే. రీల్ పాదం బిగించేచోట మాత్రం నొక్కుకుపోతుంది. కొయ్య టేకో రోజ్‌వుడ్డో మీరే ఇచ్చి తిప్పించుకోండి. లక్కపూత అందంగా ఉంటుంది గానీ వేడికి మెత్తబడుతుంది, ఎండలో చేత్తో పట్టుకునే భాగానికి వేయించవద్దు.

గైడ్లు ఎన్ని?

గైడ్లంటే లైను సాగడానికి కడ్డీ మీద కట్టే చిన్న రింగులు. రాడ్ ఎన్ని అడుగులో అన్నింటికి ఒకటి అదనం, పైన కొస రింగు. పట్టుదారంతో కట్టి వార్నీషు వేస్తే దారం రంగు లోతెక్కి దాదాపు పారదర్శకం అవుతుంది. రంగు నిలవాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ రాయాలి.

వార్నీషు ఆరడం లేదు, పైన చుక్కలు పడుతున్నాయి. ఏం తప్పు?

విశాఖలో అందరికీ వచ్చే బాధ ఇది. స్పార్ వార్నీషు నిండిన నిలువు గొట్టంలో కడ్డీని ముంచి, నిమిషానికి 7, 8 సెంటీమీటర్ల వేగంతో పైకి లాగుతారు. అంతకన్నా వేగంగా లాగితే పొర మందమై కారుతుంది. ప్రతి గైడ్ దగ్గరా ఆగి, చిక్కుకున్న వార్నీషు దిగేదాకా చూడాలి. చేత్తో ఆ వేగం నిలవదు, నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు పెట్టుకోండి. చుక్కలకు కారణం దుమ్ము, లేదా చేతి నూనె. లాగే గదిలో ఫ్యాను ఆపి, నేల తడిగుడ్డతో తుడిచి, అరగంట ఆగాలి. ఆరకపోవడానికి కారణం గాలిలో తేమ. ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, మిగతా నెలల్లో ఆరబెట్టే పెట్టెలో చిన్న బల్బు వేసి ఉంచితే లోపలి గాలి పొడిగా ఉంటుంది. పలచటి పూతలు మూడు వేయాలి, పూతకూ పూతకూ మధ్య సన్న కాగితంతో రుద్దాలి.

ఒక రాడ్‌కు ఎంత సమయం? ధర ఎందుకంత?

చేయి తిరిగినవాళ్ళకు 40 నుంచి 60 గంటలు. మొదటిసారి చేసేవాళ్ళకు దానికి రెండింతలైనా ఆశ్చర్యం లేదు. అమెరికాలో పేరున్న పనివాళ్ళ రాడ్ వెయ్యి డాలర్ల పైన మొదలై మూడు వేలు దాటుతుంది. గంటల లెక్కన చూస్తే పనివాడికి మిగిలేది ఎక్కువేమీ కాదు. బేరమాడేవాళ్ళు కణుపుల దగ్గర, అతుకు గీతల దగ్గర భూతద్దం పెట్టి చూశాక బేరమాడితే బాగుంటుంది.

పనిలో ప్రమాదాలు?

చిత్రిక పట్టిన బద్ద అంచు బ్లేడు. దాని మీద వేలు జారనివ్వకూడదు, కోతకు తట్టుకునే చేతితొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. గరుకు కాగితం పనికి మాస్కు.

కార్బన్ రాడ్ కన్నా ఇది మంచిదా?

దూరం విసరడానికి కాదు. 7½ అడుగుల వెదురు రాడ్ 100 నుంచి 130 గ్రాములు ఉంటుంది, అదే సైజు కార్బన్ రాడ్ ఇంకా తేలిక. వెదురు నెమ్మదిగా వంగుతుంది. పది, పన్నెండు మీటర్ల లోపు, సన్న దారంతో, నీటి మీద ఫ్లైని మెత్తగా దించడానికి దానికి సాటి లేదు.

విశాఖ దగ్గర దీన్ని ఎక్కడ వాడొచ్చు?

ట్రౌట్ కోసం చేసిన రాడ్ ఇది. ట్రౌట్ మన కొండల్లో లేదు, కశ్మీర్, హిమాచల్, నీలగిరి, మున్నార్ వెళ్ళాలి. ఇక్కడ మన్యంలో వాగుల్లో పరిగెల లాంటి చిన్న చేపలకు 3, 4 నంబరు రాడ్ సరదాగా ఉంటుంది. చెరువులు, రిజర్వాయర్లు ఎక్కువగా మత్స్య సహకార సంఘాల చేతిలోనో లీజుల్లోనో ఉంటాయి, అడగకుండా దిగవద్దు. రుషికొండ అలల్లో, గోస్తనీ మొగలో పండుగప్ప కోసం మాత్రం వెదురు వద్దు. గాలికి ఎదురుగా విసరాలంటే 8 నంబరు పైన కావాలి, వెదురులో అంత లావు రాడ్ రోజంతా చేత్తో ఊపలేరు. ఉప్పునీళ్ళు తగిలితే అదే రోజు మంచినీళ్ళతో కడిగి, ఫెర్రూళ్ళు తుడిచి పెట్టండి.

పాత రాడ్ అమ్మకానికి వచ్చింది. ఏం చూడాలి?

రెండు ముక్కలూ కలిపి నేలకు సమాంతరంగా పట్టి తిప్పుతూ చూడండి. ఒకవైపే వంగి ఉంటే వాడకం వల్ల వచ్చిన వంపు, కొంత వేడితో దిద్దవచ్చు. రెండు కొస ముక్కలూ ఒకే పొడవుండాలి. ఒకటి పొట్టిగా ఉంటే విరిగి మళ్ళీ రింగు పెట్టినట్టు, ధర బాగా తగ్గాలి. ఊపినప్పుడు ‘టిక్’ మంటే ఫెర్రూల్ జిగురు వదిలింది, దాన్ని బాగుచేయవచ్చు. పలకల అంచు వెంట గోరు నడపండి. గోరు సందులో దిగితే అతుకు విడింది, అలాంటిది గోడకు తగిలించుకోవడానికే.

ఎలా దాచాలి?

తడి రాడ్‌ను గుడ్డసంచిలో, గొట్టంలో పెట్టకూడదు. రాత్రంతా వేలాడదీసి ఆరనిచ్చి పెట్టాలి. గోడకు ఆనించి నిలబెడితే వంగుతుంది. గొట్టంలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, వానాకాలంలో నెలకొకసారి మూత తీసి చూడండి, పట్టుదారం మీద బూజు ముందు అక్కడే కనబడుతుంది.

రెండు ముక్కలూ బిగుసుకుపోయి ఊడటం లేదు.

మెలితిప్పవద్దు, పట్టకారు వద్దు. మెలితిప్పితే ఫెర్రూల్ కింద అతుకు పగులుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరు జాయింటుకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి వేసి తిన్నగా లాగాలి. రాకపోతే జాయింటుకు కాసేపు ఐసు ఆనించి, తుడిచి, బయటి ఫిమేల్ ముక్కను మాత్రం వేళ్ళతో వెచ్చబరిచి వెంటనే లాగండి. అప్పటికీ రాకపోతే ఒక చుక్క పలచటి నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. ఊడాక రెండు ముక్కలనూ స్పిరిట్‌తో తుడిచి, లోపల దూదిపుల్లతో శుభ్రం చేశాకే మళ్ళీ కలపాలి.